ఎడమచేతి గుడ్డ

గిన్నెలో గుడ్డలు కుతకుతలాడుతున్నాయి. ఇనస్పెక్టరమ్మ గరిటె కాడతో వాటిని కిందికి నొక్కి, పొంగు రాకుండా మంట తగ్గించింది. ఇరవై నాలుగు గుడ్డలు. పాత దుప్పట్లూ, దిండు గలీబులూ, ఇంటాయన చొక్కాల వీపులూ జానెడేసి ముక్కలుగా కత్తిరించి, నాలుగంచులూ మడిచి ఆమె తన చేత్తో కుట్టినవి. అంచు కుట్టకపోతే పోగులు ఊడతాయి. పోగు ఊడితే బల్ల మీద నలక పడుతుంది. నలక కనబడితే ఆమెకు ఆ పూట ముద్ద దిగదు.

చేసే ఉద్యోగం ఇనస్పెక్టరుది కాదు లెండి. ఆ ఇంట్లో పంతొమ్మిదేళ్ళుగా ఊడ్చి, కడిగి, తుడిచే మనిషి. చేరిన కొత్తలో ఒకనాడు అలమారా నెత్తి మీద, ఎవరి కంటికీ ఆనని చోట వేలు పెట్టి, అంటుకున్న దుమ్మును ఇంటాయన ముక్కు ముందు పెట్టి ఏమిటండీ ఇది అని నిలదీసింది. ఆయన అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతాడు. తప్పులు పట్టడంలో తనని మించినవాడు లేడనుకుంటున్న ఆయన ఆ వేలిని చూసి ఓటమి ఒప్పుకున్నాడు. తరవాత ఇనస్పెక్టరు అని పేరు పెట్టేశాడు. పాలు పోసే మనిషికి కూడా ఆమె అసలు పేరేమిటో తెలియదు.

చూస్తే పిడికెడు మనిషి. నడుము కొంచెం వంగింది. మోచేతుల దాకా చర్మం నీళ్ళలో నానీ నానీ తెల్లబడి, వేళ్ళ సందుల్లో పగిలి ఉంటుంది. కళ్ళు మాత్రం దుమ్ము కోసమే పుట్టినట్టుంటాయి.

అలాంటి మనిషిని ఏడు నెలలుగా భయం పట్టుకుంది. ఇంటావిడ బడిలో లెక్కలు చెప్పే టీచరమ్మ. నెత్తురుకు సంబంధించిన జబ్బుతో మంచం పట్టింది. మందు ఎక్కించినప్పుడల్లా ఒంట్లో రోగాన్ని ఎదిరించే కణాలు అడుగంటిపోతాయట. అప్పుడు చిన్న జలుబైనా ప్రాణం మీదికి తెస్తుందనీ, మంచం పట్టె, బల్ల, తలుపు గడియ, స్విచ్చి, ఆవిడ చెయ్యి తగిలే ప్రతి చోటూ రోజుకు రెండుసార్లు కంటికి కనబడని పురుగుల్ని చంపే మందుతో తుడవాలనీ డాక్టరు చెప్పాడు. ఆ మాట విన్నప్పటినుంచి ఇనస్పెక్టరమ్మకు తన చేతులంటేనే భయం. బస్సెక్కడం మానేసి అంత దూరమూ నడిచే వస్తుంది. కలిసి ఉంటున్న అక్క తుమ్మిందని రెండు రోజులు మెట్ల మీద పడుకుంది. టీచరమ్మ గదిలోకి వెళ్ళేముందు గుమ్మం దగ్గర ఆగి, లోపల ఊపిరి వినబడుతోందో లేదో వింటుంది. వినబడ్డాకే తనూ ఊపిరి పీలుస్తుంది.

మొదట్లో షాపులో అమ్మే వైప్స్, మందులో తడిపి ప్యాకెట్టులో పెట్టిన పల్చటి గుడ్డలు, వాడారు. ప్యాకెట్టులోంచి లాగడం, ఒక్కసారి రుద్దడం, పారెయ్యడం. వాటి సెంటు వాసనకు టీచరమ్మకు కడుపులో తిప్పేది. ఇనస్పెక్టరమ్మకు వాసన కంటే ఆ పారెయ్యడమే గిట్టలేదు. ఒక్క తుడుపుకే చచ్చిపోయేదాన్ని గుడ్డంటారా అని మూతి తిప్పింది. వారం తిరిగేసరికి పాత దుప్పటి కత్తిరించింది, పెద్ద గాజు సీసా ఒకటి కడిగి ఎండబెట్టింది. వారానికోసారి వచ్చే నర్సమ్మ స్పిరిట్ ఎంత, నీళ్ళెంత అన్నది కొలగ్లాసు మీద గీతలు గీసి చూపించింది. ఉడికిన గుడ్డలు ఎండలో ఆరాక నాలుగు మడతలు పెట్టి సీసాలో పేర్చడం, గీత దాకా కొలిచి పొయ్యడం, మూత బిగించడం. మూత వదులైతే స్పిరిట్ గాలికి పోతుందని సీసాను తలకిందులు చేసి మరీ చూసుకునేది. వాడిన గుడ్డ మళ్ళీ గిన్నెలోకి. టీచరమ్మ నవ్వి, ఇనస్పెక్టరు ఫ్యాక్టరీయే బాగుంది, ఇక ఆ ప్యాకెట్లు తేకండి అని భర్తతో అనేసింది. ఇనస్పెక్టరమ్మ ఇంటికి వెళ్ళి అక్కకు ఆ మాట మూడుసార్లు చెప్పింది.

ఆ ఉదయం సీసా పట్టుకుని గుమ్మం దగ్గర ఆగింది. ఊపిరి వినబడింది. కానీ గబగబా వినబడింది.

టీచరమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. జుట్టు రాలిన తల మీద నూలు టోపీ పక్కకి జారింది. చెంపలు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. ఇనస్పెక్టరమ్మ నుదురు తాకబోయి, చప్పున చెయ్యి వెనక్కి లాక్కుని, ఇంటాయన్ని కేకేసింది. థర్మామీటరు పెడితే నూటొకటి దాటింది. ఆయన ఫోను అందుకున్నాడు. జ్వరం వస్తే ఒక్క గంట కూడా ఆలస్యం చెయ్యొద్దని డాక్టరు మొదటి రోజే చెప్పాడు. ఫోను చేస్తే ఆసుపత్రి వాళ్ళు బండి పంపుతున్నామన్నారు.

బండి వచ్చేలోపు ఇనస్పెక్టరమ్మ ఊరికే కూర్చోలేకపోయింది. తెలిసిన పని ఒక్కటే, తుడవడం మొదలుపెట్టింది. కుడిచేతిలో సీసాలోంచి తీసిన తడిగుడ్డ, ఎడమచేతిలో పొడిగుడ్డ. కుడి చెయ్యి ముందు నడుస్తుంది, ఎడమ చెయ్యి దాని వెన్నంటే వెళ్తుంది. బల్ల మీద తడి ఒక్క క్షణం నిలవదు. పద్నాలుగేళ్ళ వయసులో హోటల్లో గ్లాసులు కడిగే పనికి కుదిరినప్పుడు నేర్చుకున్న విద్య అది. అక్కడి సూపర్వైజరు ఒక్కొక్క గ్లాసునూ వెలుతురుకు పట్టి చూసేవాడు. నీటిచుక్క ఆరిన మచ్చ కనబడితే చెంచాతో వేలి కణుపుల మీద కొట్టేవాడు. చలికాలంలో ఆ కణుపులు ఇప్పటికీ సలుపుతాయి. పెళ్ళయింది, కట్టుకున్నవాడు పోయాడు, పిల్లలు కలగలేదు, రెండు ఊళ్ళు మారింది. ఎడమచేతి గుడ్డ మాత్రం మారలేదు.

ఆ రోజు రావలసిన నర్సమ్మ బండి కంటే ముందే వచ్చింది. సంచీ దించకుండానే గుమ్మంలో నిలబడి ఆ తుడవడం చూసింది.

"ఎప్పుడూ ఇలాగే తుడుస్తావా అమ్మా?"

"ఇంకెలా తుడుస్తారు?"

"పొడిగుడ్డ పెట్టకూడదు. ఆ తడి దానంతటదే ఆరాలి. తడిగా ఉన్నంతసేపే మందు పనిచేస్తుంది. నువ్వు వెంటనే లాగేస్తే, పని మొదలెట్టకముందే దాన్ని ఇంటికి పంపినట్టే."

కసురుకోలేదు. మామూలుగా చెప్పి, చేతులు కడుక్కుని, నెత్తురు తియ్యడానికి మంచం దగ్గరికి వెళ్ళిపోయింది. ఇనస్పెక్టరమ్మకు పై ప్రాణాలు పైనే పోయాయి. రెండు గుడ్డలూ పట్టుకుని ఎలా నడిచిందో ఏమో, వంటింట్లో గోడకు ఆనుకుని తేలింది.

ఏడు నెలలు, రోజుకు రెండుసార్లు. అన్నిసార్లూ మెరిసేలా తుడిచింది. అన్నిసార్లూ పురుగుల్ని అక్కడే వదిలేసింది. పైగా టీచరమ్మ ఒకసారి చెప్పనే చెప్పింది, ఎక్కడో చదివాను, కాస్త తడిగానే వదిలెయ్యరాదూ అని. తడిగా వదలడానికి నేనెందుకండీ, కిటికీ తెరిస్తే వానే చూసుకుంటుందిగా అని తను విసురుగా జవాబిచ్చింది. అంతటితో ఊరుకుందా, రెండు రోజులు గిన్నెలు దబదబా పెట్టింది. ఆ ఇంట్లో ఆమెకు పని నేర్పబోయి గెలిచినవాళ్ళు లేరు. టీచరమ్మ నవ్వేసి మళ్ళీ ఆ ఊసెత్తలేదు. ఆ నవ్వు ఇప్పుడు ఇనస్పెక్టరమ్మకు గుర్తొచ్చింది.

చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది? నర్సమ్మకు ఇలాంటి ఇళ్ళు ఎన్నో. ఇంటాయన ఇప్పుడు ఏదీ గమనించే స్థితిలో లేడు. ఆయన వంటింట్లోకి వచ్చి, ఇంట్లో ఎవరికైనా జలుబు గానీ దగ్గు గానీ ఉందా అని అడిగాడు. డాక్టరు ఫోనులో అడుగుతున్నాడట. లేదండీ అంది. పొడిగుడ్డ సంగతి చెప్పలేదు. ఆయన వెళ్ళిపోయాక తన నోటిని తనే తిట్టుకుంది. నేను చంపేస్తున్నాను, చంపుతూ కూడా చెప్పడం లేదు అనుకుంది.

బండి వచ్చింది. టీచరమ్మను కుర్చీలో కూర్చోబెట్టి వీధి వాకిట్లోకి తెచ్చారు. నర్సమ్మ డ్రైవరుతో మాట్లాడుతోంది, ఇంటాయన రిపోర్టుల కోసం లోపలికి పరుగెత్తాడు. కుర్చీ పక్కన ఇనస్పెక్టరమ్మ ఒక్కతే మిగిలింది. కిందనే చతికిలబడింది.

"అమ్మగారూ, ఈ జ్వరం నా వల్లే వచ్చింది."

టీచరమ్మ కళ్ళు తెరిచింది.

"రోజూ పొడిగుడ్డతో ఆరబెట్టేశానమ్మా. అలా చేస్తే మందు పనిచెయ్యదట. మీరు చెప్పినా నేను వింటేగా."

టీచరమ్మ ఆమె వైపు తల తిప్పింది. పెదవులు ఎండి అంటుకుపోయాయి.

"నీ బల్ల వల్ల రాలేదే ఇది. నాకు తెలుసు."

"మీకెలా తెలుస్తుందమ్మా?"

"తెలుసన్నానుగా. భయపడకు." ఊపిరి తీసుకోవడానికి ఆగింది. "నా పక్క జోలికి మాత్రం వెళ్ళకు. నేనొచ్చాక దులుపుదువుగాని."

ఇంటాయన వచ్చాడు. కుర్చీ ఎత్తి బండిలో పెట్టారు. తలుపు మూసుకుంది.

నేనొచ్చాక అంది కాబట్టి వస్తుందనే ఆశను పట్టుకుని ఇనస్పెక్టరమ్మ వేలాడింది. మర్నాటినుంచి పొద్దునా సాయంత్రం వచ్చి ఖాళీ గదిలో బల్ల తుడిచింది. ఎడమ చెయ్యి వీపు వెనక పెట్టుకుని, తడి దానంతటదే ఆరేదాకా నిలబడి చూసింది. మంచం జోలికి పోలేదు. నాకు తెలుసు అన్న మాటను మాత్రం నమ్మలేకపోయింది. పంతొమ్మిదేళ్ళ చనువుకు ఆ తల్లి చెప్పిన ఊరడింపు అది, అంతే. ఫోను మోగితే చేతిలో పని వదిలేసి పరుగెత్తేది. నాలుగో రోజు మధ్యాహ్నం మోగినప్పుడు ఇంటాయన గొంతు నెమ్మదిగా వినబడింది. ఇనస్పెక్టరూ, పొద్దున వెళ్ళిపోయింది, నిద్రలోనే, అన్నాడు. జనం వస్తారు, ముందు గది కాస్త ఖాళీ చేసి పెట్టమన్నాడు. చంపేశాను అని ఆమె పైకే అంది. వినడానికి ఇంట్లో ఎవరూ లేరు.

ఇక దాచుకోవడానికీ, ఎదురు చూడటానికీ ఏమీ లేదు. దుప్పటి తీసింది. పరుపు మడవడానికి మంచాన్ని గోడనుంచి జరిపితే, ఆ సందులో పట్టెకు వేలాడదీసిన గుడ్డసంచీ ఒకటి కనబడింది. అందులో షాపు వైప్స్ ప్యాకెట్టు ఉంది, మొదట్లో పెట్టెలకొద్దీ కొన్నవాటిలో మిగిలినది. దాని కింద కాగితం కవరులో వాడేసినవి కుక్కి ఉన్నాయి.

మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక మంచం మీద కూలబడింది. తను తుడిచి వెళ్ళాక టీచరమ్మ ఆ బల్లనీ, పట్టెనీ, స్విచ్చినీ మళ్ళీ తుడుచుకుంది. తడిగా వదిలేసింది. స్పిరిట్ వాసనలో ఆ వాసన కలిసిపోయి తనకు తెలియలేదు. ఇనస్పెక్టరు పని ముగించి వెళ్ళగానే ఈవిడకు వాంతి అవుతుందేమిటో అని ఇంటాయన అంటే, ఎక్కించే మందు వల్లనుకుంది. వాసన పడకపోయినా రోజూ భరించి, తన మనసు కష్టపెట్టకుండా సందులో దాచుకుంది.

నాలుగు రోజులుగా గుండెను పిండేసిన భయం ఒక్కసారిగా వదిలిపోయింది. దాని చోటికి సిగ్గు వచ్చింది, కోపం వచ్చింది. ఒక్క మాట గట్టిగా తిట్టి చెప్పొచ్చుగా అమ్మా అని ఖాళీ దిండును నిలదీసింది. తరవాత ఏడుపు వచ్చింది, చాలాసేపు ఆగలేదు.

కవరులోవి ఒక్కొక్కటే తీసి విప్పి చూసింది. బల్ల తుడిచినవి, పట్టె తుడిచినవి. అన్నీ తెల్లగానే ఉన్నాయి. ఎంత వెతికినా ఒక్కదాని మీదా మురికి గీత లేదు.

ప్యాకెట్టు మూత తెరిచే ఉంది. ఆ ఉదయం జ్వరంలో లాగబోయి వదిలేసినట్టుంది, సగం బయటికి వచ్చిన చివరి వైప్ గుడ్డ నాలుగు రోజుల గాలికి ఎండి, కాగితంలా గరుకుదేలి ఉంది.