ఒక్క చెంచానే కదా

మా అత్తగారు హజ్జా ఫిద్దా నా కూతురి నోట్లో హజ్ యాత్ర నుంచి తెచ్చిన పవిత్రమైన జమ్‌జమ్ నీళ్ళు ఒక్క చెంచా పోసింది. దాంతో పిల్ల పదిహేడు రోజులు ఆసుపత్రిలో పడింది. అందులో తొమ్మిది రోజులు మిషనే దాని తరఫున ఊపిరి పీల్చింది. పద్ధెనిమిదో రోజున పిల్లని అత్తవారింటికి తీసుకెళ్ళకుండా నేరుగా కరక్ ఊళ్ళో మా నాన్న ఇంటికి వచ్చి కూర్చున్నాను. కోడలు అలిగి పుట్టింటికి చేరితే మా వైపు మొగుడి తరఫు పెద్దమనుషులు గుంపుగా వచ్చి తీసుకెళ్తారు. ఆ గుంపును జాహా అంటారు. ఆ జాహా ఎప్పుడొస్తుందా అని నేను కాచుకుని ఉన్నాను. రాజీ మీద నాకు ఆశ లేదు, కక్ష తీర్చుకోవాలని ఉంది. ఆ మాట చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

నా కూతురు జుమానాకి పదేళ్ళు. పుట్టేటప్పుడు మెదడుకి గాలి అందలేదు. నడవదు, మాట్లాడదు, మెడ నిలవదు. కడుపు మీద బొత్తాం లాంటిది అమర్చారు. నాలుగు గంటలకోసారి దానికి గొట్టం తగిలించి, రుబ్బి వడకట్టిన తిండి సిరంజితో నెమ్మదిగా పొయ్యాలి. గొంతులో ఉమ్మి నిలిచిపోతే మిషన్‌తో లాగాలి. మామూలు రోజుల్లో ఇరవైసార్లు, జలుబు చేస్తే అరవైసార్లు. మందులు పదకొండు రకాలు. ఇవన్నీ నాకు అలవాటైపోయాయి, వాటి గురించి నేను ఏడవను. ఇంట్లోవాళ్ళని నేను అడిగింది ఒక్కటే. దాని నోట్లో ఏదీ వెయ్యొద్దు, దానికి మింగడం రాదు అని. మంచం పైన గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టాను కూడా. మా అత్తగారికి చదువు రాదు, అది ఆమె తప్పు కాదు. చెవులు మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తాయి, పక్కింటి గొడవలన్నీ గోడవతల నుంచే వింటుంది.

నేను చెప్పినప్పుడల్లా ఆమె జవాబు ఒకటే.

"తొమ్మిదిమందిని కన్నాను, ఏడుగుర్ని పెంచాను. పిల్లకి తినిపించడం నువ్వు నేర్పాలా నాకు? గొట్టంతో తింటే పిల్లకి రుచేం తెలుస్తుందే, పాపం!"

ఆమె హజ్ యాత్ర నుంచి తిరిగొచ్చిన రోజు ఇల్లంతా చుట్టాలే. నేను వంటింట్లో ఖర్జూరాలు పళ్ళేల్లో సర్దుతున్నాను. ముందుగదిలో ఆమె, కాబా తెర పట్టుకుని జుమానా కోసం ఎలా వేడుకున్నదీ చెబుతోంది. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకుంటూ ఆమీన్, ఆమీన్ అంటున్నారు. నేను పళ్ళెంతో వచ్చేసరికి ఆమె జుమానా పక్కన ఉంది, చేతిలో చెంచా.

"చూశావా? మింగింది!" అంది అత్తగారు మురిసిపోతూ.

జుమానా కళ్ళు విప్పారి ఉన్నాయి. పెదాల చుట్టూ నీలంగా ఉంది. చప్పుడంటూ ఏమీ లేదు. గదిలో అందరూ మాషా అల్లా అని సంబరపడుతున్నారు. నేను పళ్ళెం అక్కడే పడేశాను. సాయంత్రానికి జ్వరం, మర్నాటికి రెండువైపులా నెమ్ము. జమ్‌జమ్ నీళ్ళని నేనేమీ అనను. దేవుడు వాటిని తాగడానికి ఇచ్చాడు, ఊపిరితిత్తులు నింపడానికి ఇవ్వలేదు.

అత్తగారు ఆసుపత్రికి రెండుసార్లు వచ్చింది. వరండాలో నిలబడి, "ఒక్క చెంచానే కదా! అంత మంచి నీళ్ళు ఎవరికైనా చెడు చేస్తాయా? దీని రాత ఇలా ఉంది," అంది. నా భర్త నిదాల్ మంచివాడే, రోజూ పిల్లని ఎత్తి స్నానం చేయించేది అతనే. వాళ్ళమ్మ ముందు మాత్రం నోట్లో నాలుక ఉండదు. "అమ్మ కావాలని చేసిందా ఏంటి? ఒక్క చెంచాకి ఇంత రాద్ధాంతం దేనికి ఫదియా?" అన్నాడు. బావగారు రాకాన్ ఫోన్‌లో అదే మాట అన్నాడు. ఆడపడుచులు అదే మాట. ఆ పదిహేడు రోజులూ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని నేను ప్రార్థనలు చేసిన మాట నిజం. ప్రార్థన అయిపోగానే మా అత్తగారు పొలమారి గుడ్లు తేలేసినట్టు ఊహించుకున్న మాట కూడా నిజమే. రెండోదే నన్ను ఎక్కువ నిలబెట్టింది.

జాహా గురువారం వస్తుందని కబురొచ్చింది. నాన్న నా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు.

"అమ్మాయ్, వాళ్ళ తెగ పెద్ద షేక్ హాయిలే స్వయంగా వస్తున్నాడు. కాఫీ ముట్టుకోకుండా ముందు పెట్టుకుని నిన్ను పంపమని అడుగుతాడు. నేనేమనాలి?"

"తాగండి అనకు నాన్నా."

"నలభైమంది గడ్డాలవాళ్ళు గుమ్మంలోకొచ్చి కూర్చుంటే తాగొద్దని ఎట్టా అంటానే? రేపు ఊళ్ళో తలెత్తుకు తిరగొద్దా నేను?"

నాన్న 'తాగండి' అన్నాడంటే ఒప్పుకున్నట్టే. ఆ సాయంత్రమే నేను పిల్లతో సహా బయల్దేరాలి. ఆ ఇంట్లో ఏముందో నాకు తెలుసు. అంతకుముందు రోజే అత్తగారు మా అమ్మకి ఫోన్ చేసింది. "నల్లజీలకర్ర నూనె తెప్పించాను వదినగారూ, గానుగలో ఆడించింది. పిల్ల రాగానే నాలిక మీద రెండు చుక్కలేస్తా, ఆ నెమ్మూ గిమ్మూ అన్నీ పోతాయి," అంది. మరోసారి నెమ్ము చేస్తే పిల్ల దక్కదని డాక్టరు నాతో స్పష్టంగా చెప్పాడు.

గురువారం పొద్దువాలే వేళ అసర్ నమాజు అయ్యాక వచ్చారు. మగవాళ్ళంతా ముందుహాల్లో, అత్తగారూ ఆడపడుచులూ మా అమ్మతో లోపలి గదిలో. నేను పిల్లతో తలుపు వెనక నిలబడ్డాను. మా తమ్ముడు సఖర్ షేక్‌గారికి కాఫీ పోశాడు. ఆయన కప్పు అందుకుని ముందున్న బల్ల మీద పెట్టేశాడు. దేవుణ్ణి తలుచుకున్నాడు, నాన్న వంశాన్ని పొగిడాడు, ఆడవాళ్ళ మనసు అద్దం లాంటిదన్నాడు. చివరికి, "మా కోడల్ని, మా మనవరాల్ని మాకు పంపండి. లేదంటే ఈ కాఫీ ముట్టం," అన్నాడు.

నాన్న గొంతు సవరించుకున్నాడు. ఆ సవరింపు నాకు తెలుసు. తలుపు తోసుకుని, పిల్ల చక్రాలకుర్చీ నెట్టుకుంటూ హాలు మధ్యకి వచ్చేశాను.

"ఫదియా! లోపలికి పో!" అన్నాడు నిదాల్ లేచి నిలబడి.

"కూర్చో," అన్నాడు షేక్. "బాధపడింది ఆవిడ. మాట్లాడనీ. చెప్పమ్మా, ఏం కావాలి నీకు? నువ్వేం అడిగినా నా తల మీద పెట్టుకుంటాను."

పెద్దమనుషులకి ఆ అలవాటుంది. అడక్కముందే మాట ఇచ్చేస్తారు. ఎదుటివాళ్ళు మర్యాదకి ఏమీ అడగరని వాళ్ళ ధీమా.

"ఒక్క చెంచా నీళ్ళు, షేక్ గారూ," అన్నాను. "మీలో ఎవరైనా ఒకరు ఇక్కడ వెల్లకిలా పడుకోవాలి. తల దిండు మీంచి వెనక్కి వేలాడాలి, ఇదిగో, దీని మెడ ఎలా పడిపోతుందో అలాగ. నేను నోట్లో చెంచాడు నీళ్ళు పోస్తాను. మింగకూడదు, దీనికి మింగడం రాదు కాబట్టి. ఊపిరి మాత్రం పీల్చాలి. ఆ తర్వాత కాఫీ తాగుదురు గాని."

హాలంతా గోలగోలగా అయింది. నాన్న చేతుల్లో మొహం దాచుకున్నాడు.

"ఇదేం తమాషా? మేమేమన్నా కోతులమా?" అన్నాడు రాకాన్.

"ఒక్క చెంచానే కదా బావగారూ! ఫోన్‌లో మీరే అన్నారుగా. రండి, పడుకోండి."

రాకాన్ తన కాళ్ళకేసి చూసుకున్నాడు. నిదాల్ వైపు చూశాను. అతను గోడకేసి చూస్తున్నాడు. వాళ్ళనలా చూడడం నాకెంత తియ్యగా ఉందో చెప్పలేను. ఇంకాసేపు సాగితే బాగుండుననిపించింది.

అప్పుడు షేక్ హాయిల్ తలగుడ్డ జారకుండా చుట్టుకునే నల్లతాడు తీసి పక్కన పెట్టాడు. తలగుడ్డ తీశాడు. ఎనభై ఏళ్ళ మనిషి, బట్టతల మీద తెల్లటి చారలు. "మాటిచ్చింది నేను," అంటూ మోకాళ్ళు పట్టుకుని నేల మీద పరిచిన పరుపు మీదకి ఒంగాడు.

ఆయన నాకు ఏ అపకారమూ చెయ్యలేదు. అయినా సరే, పిల్ల కుర్చీకి తగిలించిన సంచిలోంచి చెంచా, నీళ్ళసీసా తీసి చెంచా నింపాను. ఆ రోజు నా మనసు అలా ఉంది.

"లెగవండి షేక్ గారూ," అని లోపలి గుమ్మంలోంచి వినిపించింది. మా అత్తగారు. "పోసింది నేనైతే మీరెందుకు పడుకోవడం? లెగండి."

మగవాళ్ళు తల తిప్పుకున్నారు. ఆమె ఎవరినీ పట్టించుకోకుండా వచ్చి, ముసుగు బిగించుకుని పరుపు మీద పడుకుంది. తల వెనక్కి వేలాడేసింది. "పొయ్యవే," అంది. "నీ కడుపు చల్లారుతుంది. తొమ్మిదిమందిని కన్నదాన్ని, చెంచా నీళ్ళకి భయపడతానా?"

"మింగకూడదు అత్తయ్యా."

"విన్నాన్లే."

పోశాను.

ఆమె మొండిది, మింగలేదు. మింగకుండానే ఊపిరి పీల్చింది. పొలమారింది. ఒళ్ళంతా ఎగిరిపడింది, మొహం ఎర్రబడింది, చేతులు పరుపుని గోకాయి. నేను పదిహేడు రోజులు ఊహించుకున్నది అచ్చం ఇదే. దగ్గర నిలబడి తీరిగ్గా చూద్దామనుకున్నాను. కానీ నా చేతులు నన్ను అడగలేదు. ఒక చెయ్యి ఆమె భుజం కిందకి పోయి ఒళ్ళు పక్కకి తిప్పేసింది. రెండోది దవడ ముందుకి లాగింది. అరచెయ్యి దొప్పలా పట్టి వీపు మీద కిందనుంచి పైకి తట్టడం మొదలుపెట్టాను. పదేళ్ళుగా రోజూ చేసే పని. నా పగ తీరడం ఇంకా కళ్ళారా చూడకముందే నా చేతులు ఆమెని గట్టెక్కించేశాయి. వాటి మీద నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆమె దగ్గింది. చాలాసేపు దగ్గింది. దగ్గీ దగ్గీ నీళ్ళన్నీ బయటికొచ్చాక, లేచి కూర్చుని, ముసుగుతో మొహం తుడుచుకుని జుమానాని చూసింది.

"ఆ రోజు ఇది దగ్గలేదు," అంది.

"దానికి దగ్గడం రాదు అత్తయ్యా."

"చప్పుడు లేకపోతే మింగిందనుకున్నా." ఆమె తన గొంతు తడుముకుంది. "అయితే నాకిప్పుడు అయినట్టే... అంతా దానికీ అయిందా? లోపల్లోపలే?"

"లోపల్లోపలే. మీరంతా మాషా అల్లా అంటుంటే."

ఆమె పిల్ల కుర్చీ చక్రం పట్టుకుని లేచింది. పిల్లని ముట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. షేక్ వైపు తిరిగింది.

"షేక్ గారూ, ఆ కాఫీ తాగకండి."

"ఏంటమ్మా?"

"తాగొద్దన్నా. ఈ పిల్లని నా ఇంటికి పంపమని అడిగే మొహం నాకు లేదు. పదండి."

జాహా కాఫీ తాగకుండా లేచిపోవడమంటే ఏమిటో మా వైపు ఎవరికీ చెప్పక్కర్లేదు. అలా లేచిపోయినవాళ్ళ ఇంటి పేరు చెప్పుకుని ఏళ్ళ తరబడి నవ్వుకుంటారు. నేను వేసిన శిక్షకన్నా పెద్దది ఆమే తనకు వేసుకుంది. షేక్ తలగుడ్డ చుట్టుకుని నా వైపు చూశాడు. నాన్న చూశాడు. తలుపు దగ్గర నిదాల్ ఆగి, నోరు తెరిచి నిలబడ్డాడు. నేను 'తాగండి' అంటే చాలు, అందరూ కూర్చుంటారు. అత్తగారు చెప్పుల కోసం వెతుక్కుంటోంది, ఇంకా దగ్గు తెరలు తెరలుగా వస్తోంది. ఆ మాట నా నాలిక చివరిదాకా వచ్చింది.

నేను అనలేదు. జుమానా గొంతులో గరగర మొదలైంది. ఉమ్మి లాగే మిషన్ ఆన్ చేసి, వాళ్ళు వెళ్ళేవైపు వీపు పెట్టి, గొట్టం దాని నోట్లోకి దింపాను.