బల్లకు రాసిన నూనె

సెలవులకు ముందు చివరి బడి రోజున, మూడు గంటలకు, టీచరమ్మ పిల్లలందరికీ తీపి బిళ్ళలు పంచుతుంది. కిందటేడు ముప్పై ఒక్కమంది బుగ్గలు ఉబ్బించుకుని చప్పరిస్తుంటే ముప్పై రెండోది, ఇంట్లో ముద్దుగా చిట్టెలుక అని పిలిచే పిల్ల, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. దానికి వేరుశనగ పడదు. పడకపోవడమంటే దద్దుర్లతో పోయేది కాదు, గొంతు మూసుకుపోతుంది. ఆ సంగతి ఇంట్లోవాళ్ళకు మొదటిసారి తెలిసిన రోజున దాని నోట్లో వేరుశనగ బిళ్ళ పెట్టింది ఎవరో కాదు, అమ్మమ్మే. ఆస్పత్రి బల్ల మీద నీలంగా తిరిగిన ఆ చిన్న పెదాలు ఆవిడ కళ్ళలోంచి ఇవాళ్టికీ పోలేదు.

అందుకే ఈ ఏడు అమ్మమ్మ మనవరాలికి మాటిచ్చేసింది, అందరూ తినేదే నువ్వూ తింటావే అని. టీచరమ్మను బతిమాలితే ఆవిడా సరేనంది. ముప్పై రెండు బిళ్ళలూ మీరే తెండి, మూడింటిదాకా ఆగుతాను, రాకపోతే నా బిళ్ళల డబ్బా తెరుస్తాను, అంతమందిని ఎంతసేపని ఆపను అంది. కూతురు మాత్రం బట్టలు కుట్టే కార్ఖానాకు బయల్దేరుతూ, గొంతు మూసుకుపోతే తొడకు పొడిచే మందు సూది తల్లి చేతిలో పెట్టింది.

"అమ్మా, పొట్లం మీద చదవకుండా ఏదీ దాని నోట్లో పెట్టకు."

అక్షరాలు కూడబలుక్కుని చదివే మనిషికి ఆ మాట చురుక్కుమంది. అయినా ఆ మాట అనే హక్కు దానికుంది.

మొదటి కొట్లో సీసాల నిండా రంగురంగుల బిళ్ళలు. కొట్టతను వేరుశనగ ముక్కల సీసాలో ముంచిన గరిటెనే నిమ్మ బిళ్ళల సీసాలోనూ ముంచుతున్నాడు. అమ్మమ్మ గుమ్మంలోంచే వెనక్కు తిరిగింది. రెండో కొట్లో అమ్మే పిల్ల, పాపం, ఫోనులో అక్షరాలు పెద్దవి చేసి ఏడు పొట్లాలు చదివి పెట్టింది. ఏడింటి అడుగునా చీమ తలంత అక్షరాల్లో ఒకటే మాట, వేరుశనగ ఆడిన యంత్రం మీదే ఇవీ తయారయ్యాయని. మూడో కొట్టతను ఒక్క బిళ్ళకు ఏమవుతుందండీ అని నవ్వాడు. ఆవిడ నవ్వలేదు.

పన్నెండున్నరకు, కాళ్ళు ఈడ్చుకుంటూ, సందు చివర సొంతంగా బిళ్ళలు చేసే పాకం మేస్త్రి దగ్గరకు చేరింది. అక్కడి పొట్లం మీద మూడే మాటలు: పంచదార, నిమ్మరసం, రంగు. ఆవిడే కూడబలుక్కుంది. రెండుసార్లు. ముప్పై ఏళ్ళుగా తను చేసేది నిమ్మ బిళ్ళలొక్కటేనని, వేరుశనగ గింజ తన గడప తొక్కలేదని మేస్త్రి కూడా చెప్పాడు. గుండెల మీంచి రుబ్బురోలు దించినట్టయింది. ముప్పై రెండు బిళ్ళలు సంచిలో వేయించుకుని, వెళ్ళబోతూ, పాకం పోసే రాతిబల్ల వైపు చూసింది. అద్దంలా మెరుస్తోంది. బతుకంతా పొయ్యి దగ్గరే గడిపిన మనిషికి తెలుసు, రాయికి ఆ మెరుపు ఊరికే రాదు.

"నాయనా, పాకం అంటుకోకుండా ఈ బల్లకేం రాస్తావు?"

"వేరుశనగ నూనె. గానుగలో ఆడించింది." అనేసి ఆగాడు. తరవాతి మాట నెమ్మదిగా వచ్చింది. "అది సరుకు కాదు పెద్దమ్మా, బల్లకు రాసేది. అందుకే పొట్లం మీద వెయ్యలేదు."

అమ్మమ్మ సంచి అక్కడే వదిలేసి గుమ్మంలో చతికిలబడింది. కొంచెంలో మళ్ళీ నా చేత్తోనే పెట్టేదాన్ని, అనుకుంది. పిల్ల సంగతంతా విన్నాక మేస్త్రి మొహం పాలిపోయింది. ఇంట్లో పొయ్యి ఉంది కదా, నేను చెప్తాను మీరు చెయ్యండి అని వెంట నడిచాడు. దారిలో ఆవిడ రెండు పంచదార పొట్లాలూ నాలుగు నిమ్మకాయలూ కొంది.

"నువ్వు లోపలికి రాకు నాయనా, నీ చొక్కా నిండా అదే నూనె."

ఆయన నొచ్చుకోలేదు. వంటింటి కిటికీ బయట, ఎండలో, నేరం చేసినవాడిలా నిలబడ్డాడు. నూనె రాయకపోతే పాకం పళ్ళేన్ని వదలదని ఆయన బాధ. అమ్మమ్మ పళ్ళెంలో పంచదార మందంగా పరిచి, బొటనవేలితో గుంటలు నొక్కింది. పంచదారకు పంచదార అంటుకుంటే నష్టమేముంది, అదీ తినేదేగా అంది. మేస్త్రికి ముప్పై ఏళ్ళలో తట్టని ఉపాయం.

కానీ తొందరలో మంట పెంచేసింది. మొదటి పాకం నల్లగా మాడి ఇల్లంతా పొగ పట్టింది. గడియారం రెండు దాటింది. ఇక మిగిలింది గుప్పెడు తక్కువగా ఒక పొట్లం.

"చుక్క నీళ్ళలో వెయ్యండి. ఎలా ఉంది?"

"జిగురుగా."

"ఇంకా రాలేదు. గరిటె ముట్టకండి."

ఆవిడ చేతులు వెనక్కు కట్టుకుని నిలబడింది. కదపకుండా ఉండడం కన్నా కష్టమైన పని ఆ పొయ్యి దగ్గర ఎన్నడూ చెయ్యలేదు. మూడో చుక్కను గిన్నెకేసి కొడితే ఖంగుమంది. ఆ చప్పుడు కిటికీ బయటికీ వినబడింది.

"దించండి పెద్దమ్మా, దించండి."

సరిగ్గా ముప్పై రెండు వచ్చాయి. తనకొకటి మిగల్లేదు. అవి గట్టిపడేదాకా ఆగడమే మరో జన్మ. ఉతికిన గుడ్డలో మూటగట్టుకుని పరిగెత్తింది. మూడుంపావు.

తరగతిలో పిల్లలు గోల చేస్తున్నారు. టీచరమ్మ చెయ్యి డబ్బా మూత మీద ఉంది. చిట్టెలుక అప్పటికే రెండు చేతులూ తొడల కింద పెట్టేసుకుంది. అమ్మమ్మను చూసి టీచరమ్మ డబ్బా తీసుకెళ్ళి బీరువాలో పెట్టింది. అమ్మమ్మ వంకరటింకర బిళ్ళలు ఒక్కొక్కరికీ పంచుతూ చివరికి మనవరాలి దగ్గరకొచ్చింది. పిల్ల చెయ్యి బయటకు తియ్యలేదు.

"చదివావా అమ్మమ్మా?"

"చదవడానికేం లేదే. నేనే చేశాను."

చిట్టెలుక బిళ్ళను చూసింది. అమ్మమ్మ మొహాన్ని ఇంకా ఎక్కువసేపు చూసింది. తరవాత చెయ్యి తియ్యకుండానే, నోరు తెరిచింది.

అమ్మమ్మ పెట్టింది. బుగ్గలో బిళ్ళ అటూ ఇటూ తిరుగుతోంది. పెదాలు ఎర్రగా ఉన్నాయి. ఎర్రగానే ఉన్నాయి. బిళ్ళ అరిగి అరిగి సన్నబడింది. పిల్ల పక్కదానికి నాలుక చాపి చూపించి కిలకిలా నవ్వింది. గంట కొట్టారు, పిల్లలు లేచారు, అమ్మమ్మ కూడా లేవబోయింది. కొంగు చాటున మందు సూదిని బిగించి పట్టుకున్న గుప్పిటి విప్పబోతే విడలేదు. చిట్టెలుకే ఒక్కో వేలూ ఊడదీయాల్సి వచ్చింది.