దవడ లేని బల్లి

నేను ఒక చెట్టు కార్చిన జిగురును. పది కోట్ల ఏళ్ళు మట్టిలో బిగుసుకుని రాయినయ్యాను. నన్ను అంబర్ అంటారు. తేనెరంగు చూసి అందరూ ముచ్చటపడతారు గానీ, నా లోపలున్న వేలెడంత జంతువునడిగితే వేరే మాట చెబుతుంది. అది నా మీద కాలు వేసింది. వెనక్కి లాక్కోబోయింది. రెండో కాలూ అంటుకుంది. తెరిచిన నోరు తెరిచినట్టుండగానే దాన్ని మింగేశాను. క్రూరత్వంలో నన్ను మించినవాళ్ళు లేరనుకునేదాన్ని. మనుషుల చేతుల్లో పడ్డాక ఆ గర్వం అణిగింది.

బర్మా గనిలోంచి బయటపడి, రాళ్ళ వ్యాపారుల సంచుల్లో తిరిగి, విశాఖపట్నంలో ఆచార్య మార్కండేయులుగారి పరిశోధనశాలకు చేరాను. ఆయన నాలోని పొడుగాటి మూతిని, పెద్ద కన్నును చూసి, "పిట్ట! డైనోసార్ల నాటి పిట్ట!" అని ప్రకటించేశారు. పేపర్లలో ఫొటోలు పడ్డాయి. శాలువాలు కప్పారు. ఆ తర్వాతగానీ నన్ను సరిగ్గా పరీక్షించమని ఎవరికీ చెప్పలేదు. ఆ పని ఆయన శిష్యురాలు సువార్తకు పడింది. భీమిలి పిల్ల. సూక్ష్మదర్శిని మీద వంగితే తిండి కూడా మరిచిపోయేది.

ఒక మధ్యాహ్నం ఆమె ఆయన గదిలోకి నన్ను పట్టుకెళ్ళింది.

"సార్, ఇది పిట్ట కాదండి, బల్లి జాతిదండి. ఆ కాలం పిట్టలకి పళ్ళుంటే దవడ గుంటల్లో దిగి ఉండేవి కదండీ. దీనికి లోపలి అంచుకి అతుక్కున్నాయి. ఒళ్ళంతా పొలుసులే. ఈకన్నది లేదండి."

"ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదండి. ముందు మీకే చెబుదామని."

"మంచి పని చేశావమ్మా. రా, కాస్త మెరుగు పెడదాం. ఇంకా బాగా కనిపిస్తుంది."

సానచక్రం తిరిగింది. నన్ను ఆమె వేళ్ళ మధ్య పెట్టించి, ఆ వేళ్ళ మీద ఆయన తన చెయ్యి వేసి నొక్కారు. "సార్, వద్దండి! సార్!" అని ఆమె గింజుకుంది. ఆయన వదల్లేదు. దవడ, పళ్ళు, మూతి పొడై నీళ్ళలో కలిసిపోయాయి. ఆమె వేళ్ళ చర్మం కూడా.

అప్పుడాయన పక్కగదికి వినపడేలా అరిచారు. "అయ్యో, ఎంత పని చేశావమ్మా!"

అందరూ పరిగెత్తుకొచ్చారు. నెత్తురోడుతున్న ఆమె చేతిలో నేనున్నాను. ఆమె చెప్పింది ఒక్కరూ నమ్మలేదు. చదువు అక్కడితో ఆగిపోయింది.

కొన్నేళ్ళకు విదేశాల్లో నాలోని దాని లాంటిదే ఇంకొకటి దొరికింది. తల చెక్కుచెదరలేదు. వాళ్ళు పళ్ళు చూసి బల్లి అని తేల్చారు. మార్కండేయులుగారు తడుముకోలేదు. "నాకు మొదట్నుంచీ అనుమానమే. దవడ మిగిలుంటే అప్పుడే చెప్పేవాణ్ణి. ఆ పిల్ల పాడుచేసింది" అన్నారు. తప్పు ఒప్పుకున్న పెద్దమనిషని మళ్ళీ శాలువా కప్పారు.

ఇప్పుడు నేను మ్యూజియంలో అద్దాల పెట్టెలో ఉన్నాను. మొన్న ఒక ఆదివారం సువార్త వచ్చింది, భర్తతో. పెళ్ళికి ముందు చదువు మానేసిందని తప్ప అతనికేమీ తెలియదు. అతను పెట్టె మీది పలకను పైకి చదివాడు. "పురాతన బల్లి. గుర్తించినవారు ఆచార్య మార్కండేయులు. విద్యార్థిని అజాగ్రత్త వల్ల దవడ నష్టమైంది."

పెదవి విరిచాడు. "ఎవర్తో గానీ, కోట్ల ఏళ్ళు నిలిచినదాన్ని ఒక్క పూటలో తగలేసింది. ఇలాంటోళ్ళకి చదువులెందుకో!"

సువార్త మచ్చపడిన వేళ్ళను కొంగులోకి లాక్కుంది.

"చేతగానిదై ఉంటుందిలెండి" అంది.

అతను నవ్వాడు. ఇద్దరూ పక్కగదిలోకి వెళ్ళిపోయారు.