ఇరుకైతేనే వచ్చే మాట

వడ్డించేవాళ్ల మనసు నొప్పించకూడదన్నది నా నియమం. అందుకే భోజనానికి కూర్చున్నాక నా నోట "చాలు" అన్న మాట రాదు. దీన్ని తిండిపోతుతనం అనేవాళ్లూ ఉన్నారు, మర్యాద తెలియనివాళ్లు. నా మర్యాద చొక్కా గుండీల సందుల్లోంచి నలుగురికీ కనిపిస్తూనే ఉంటుంది.

మా ఆవిడ క్యాన్సర్ కణాల మీద పరిశోధన చేస్తుంది. నాకు తెలిసిన సైన్సంతా భోజనాల దగ్గర ఆవిడ చెప్పిందే. అదీ నేను నమలడం ఆపినప్పుడు చెవినపడినంత మేరకు.

రోజూ పొద్దున్నే ల్యాబుకి వెళ్లి, గ్లవ్స్ తొడుక్కుని, కణాల్ని పెంచే వెచ్చటి పెట్టె తలుపు తీసి, ముందు చెవి పెట్టేది. మంచి కణాలు ప్లేటు అడుగున పరుచుకుంటూ పెరిగి, పక్కదాని భుజం తగలగానే "చాలు" అని ఆగిపోయేవి. దోమ పాటంత సన్నటి గొంతు. క్యాన్సర్ కణాలు మాత్రం "ఇంకా, ఇంకా" అంటూ ఒకదాని నెత్తిన ఒకటి ఎక్కేవి. ల్యాబులో ఇది ఎవరికీ వింత కాదు. వరండా తుడిచే ఆమె కూడా "ఇవాళ కింది అరలోవాళ్లు మరీ గోలమ్మా" అని తన దారిన తాను తుడుచుకుంటూ పోయేది.

క్యాన్సర్ కణాల్లో ఒక ప్రోటీన్ పోవడం వల్లే వాటికి ఆ మాట పోయిందని మా ఆవిడ నమ్మకం. తిరిగి పెడితే అంటాయని. జుట్టు నెరిసేదాకా పెడుతూనే ఉంది. అవి అననేలేదు.

ఒకరోజు పెద్దాయన, అంటే అక్కడి డైరెక్టరు, పిలిచాడు.

"నీ ఓపికకి దణ్ణమమ్మా. కానీ నెలాఖరుకి నీ ల్యాబు గది కంప్యూటర్లవాళ్లకి ఇచ్చేస్తున్నా. నువ్వు హాయిగా పాఠాలు చెప్పుకో. గొంతు బాగుంటుంది."

"కావలసింది నా గొంతు కాదు సార్, వాటి గొంతు."

"అదేగా లేనిది."

ఆ సాయంత్రం నేను పీట వాల్చుకుని, అలవాటు ప్రకారం బెల్టు ఒక రంధ్రం వదులు చేశాను. గరిటె పట్టుకున్న ఆవిడ చూస్తూ ఉండిపోయింది.

"ఇంకా మొదలే పెట్టలేదు. ముందే ఎందుకు వదులు చేస్తారు?"

"బిగిస్తే ఆపాలనిపిస్తుందిగా."

ఆవిడ గరిటె గిన్నెలో వదిలేసి కుర్చీలో కూలబడింది. నా పళ్లెం ఖాళీగానే ఉంది. సైన్సు కోసం నేను చేసిన త్యాగం అదొక్కటే.

కణాలు పెంచేవాళ్ల తొలి పాఠం ఏమిటంటే, ప్లేటు ముప్పాతిక నిండగానే వాటిని కొత్త ప్లేట్లలోకి పంచాలి. ఇరుకైతే చస్తాయని భయం. ఇన్నేళ్లూ ఆవిడ తల్లిలా పంచుతూనే వచ్చింది.

"వాటికి మాట ఎప్పుడో వచ్చి ఉండచ్చండీ," అంది. "మొండివాళ్లకి భుజం తగిలితే సరిపోదేమో, ఇరుక్కోవాలేమో. ఇరుక్కోకముందే నేనే చోటిస్తున్నా."

మర్నాటి నుంచి పంచడం మానేసింది. ఆవిడ సహాయకురాలు నిదానమ్మ ప్లేట్ల చుట్టూ తిరుగుతూ, "మేడం, నిండిపోయాయి. పంచెయ్యనా?" అంది.

"వద్దు. ఆహారం మార్చు, చోటు మాత్రం ఇవ్వకు."

"పోతాయేమో మేడం."

"పోతే మనమూ పోదాం, పాఠాలు చెప్పుకోడానికి."

ప్రోటీన్ పెట్టని ప్లేటుని కూడా పక్కనే అలాగే నిండనిచ్చింది. రెండో పళ్లెం లేని తక్కెడని ఎవరు నమ్ముతారు?

గది కొలవడానికి పెద్దాయన మనుషుల్ని వెంటేసుకుని వచ్చాడు. టేపు గోడకి ఆనించారో లేదో, పెట్టెలోంచి ఎవరో సన్నగా "చాలు" అన్నారు. టేపు పట్టినవాడు తననే అనుకుని వదిలేశాడు. ఇంకొకటి అంది. ఆపైన ప్లేటు ప్లేటంతా, బడి గంట కొట్టినప్పటి పిల్లల్లా, "చాలు, చాలు" అని సర్దుకుని కూర్చుంది. పక్క ప్లేటు మాత్రం "ఇంకా" అంటూనే ఉంది.

నిదానమ్మ మొహానికి పైట అడ్డం పెట్టుకుంది. పెద్దాయన కళ్లజోడు తీసి తుడిచాడు, వినడానికి కళ్లజోడెందుకో నాకు తెలీదు.

"టేపు చుట్టెయ్యండయ్యా," అన్నాడు.

"మళ్లీ చేసి చూడాలి సార్," అంది మా ఆవిడ.

మళ్లీ చేసింది. మళ్లీ అన్నాయి. ఊరూరా ఉన్న ల్యాబులవాళ్లు ప్లేట్లు నిండనిచ్చి విన్నారు, వాళ్లకీ అన్నాయి. గది ఆవిడకే ఉంది, పక్క గది కూడా కలిసింది. కొన్నేళ్లకి దాంతో మందొచ్చింది. మొదట వాడినవాళ్లలో పొట్టలో క్యాన్సర్ గడ్డ ఉన్న ఒక బస్సు డ్రైవరున్నాడు. డాక్టరు అతని పొట్ట మీద స్టెతస్కోపు పెట్టి, కాసేపు విని, చెవి గొట్టాలు మా ఆవిడకిచ్చాడు. ఆవిడ విని, అతని చెవుల్లోనే పెట్టింది.

"ఏమంటోంది బాబూ?"

"చాలంటోందమ్మా." గొట్టాలు తీసి అడిగాడు, "అయితే నేను మళ్లీ బండెక్కచ్చా?"

ఎక్కాడు. ఇప్పుడు మా వీధి మీదుగానే నడుపుతున్నాడు. ఆవిడ స్టాపులో నిలబడితే చాలు, చెయ్యెత్తకుండానే ఆపుతాడు.

ఆవిడకి పెద్ద బహుమతి వచ్చిన రోజు ఇంటి నిండా చుట్టాలు. ఆవిడే గరిటెతో నా ముందు నిలబడి, "చాలా?" అంది. బల్ల చుట్టూ అందరూ తినడం ఆపి నా నోటివైపే చూశారు. క్యాన్సర్ కణాలే నేర్చుకున్నాయి, నాకేం కష్టమని నేనూ నోరు తెరిచాను.

బెల్టు అప్పటికే వదులు చేసేశాను. ఆ మాట నాకింకా రాలేదు.