కన్నెదేవత కూతురు

శాంతిప్రియకు పుట్టిన ఆడబిడ్డ ఎడమచేతికి ఆరు వేళ్ళున్నాయి. చిటికెన వేలిని ఆనుకుని చిక్కుడుగింజంత వేలు, దానికి మళ్ళీ ఒక బుల్లి గోరు. ధర్మపురి ఆస్పత్రిలో డాక్టరమ్మ ఆ చేతిని అటూ ఇటూ తిప్పి చూసి, భయపడాల్సిందేమీ లేదనీ, కావాలంటే కొన్నాళ్ళయ్యాక తీసేయవచ్చనీ చెప్పింది. మీ వంశంలో ఎవరికైనా ఇలా ఉందా అని తమిళంలో అడిగింది. శాంతిప్రియ, ఆమె భర్త మోహన్‌రాజ్ ఒకరి ముఖం ఒకరు చూసుకుని, లేదన్నారు.

మంచం పక్కన స్టూలు మీద కూర్చున్న చెన్నమ్మ మాత్రం, "ఉండాదే! మా అమ్మకు ఉండె" అంది గట్టిగా.

చెన్నమ్మ శాంతిప్రియకు అవ్వ, తల్లికి తల్లి. వయసు ఎనభై దాటింది. కూతురు చిన్న వయసులోనే పోతే, మనవరాలిని నల్లంపల్లిలో తనే పెంచి పెద్ద చేసింది. ఇప్పుడు ఆ మనవరాలి పురుడు కూడా తనే పోస్తానని పట్టుబట్టి వచ్చి కూర్చుంది.

"మా అమ్మ గోపమ్మకూ ఇట్లే, ఎడమచెయ్యికే ఉండె. పిండి పిసికితే ఆ వేలి సందులో ఇరుక్కుంటాదని ఎప్పుడూ తిట్టుకుంటా ఉండె" అంటూ బిడ్డ చేతిని ముద్దు పెట్టుకుంది.

శాంతిప్రియకు ఆ సంగతి కొత్త. ముత్తవ్వ గోపమ్మ ఆమె పుట్టకముందే పోయింది. ఇంట్లో ఉన్న ఒక్క ఫోటోలో ఆమె చేతులు కొంగు కింద ఉన్నాయి.

ఆస్పత్రి నుంచి నల్లంపల్లి వచ్చాక ఒక ఉదయం చెన్నమ్మ కాళ్ళు చాపుకుని, వాటి మీద బిడ్డను పడుకోబెట్టి ఆముదం రుద్దుతోంది. శాంతిప్రియ పక్కనే కూర్చుని వేడినీళ్ళు చల్లబరుస్తూ అడిగింది.

"ముత్తవ్వది ఏ ఊరు అవ్వా?"

"తెలీదు పాపా."

"సొంత అమ్మ పుట్టిన ఊరు నీకు తెలీదా?"

"చెప్తే కదా తెలిసేది. ఎప్పుడడిగినా 'అదంతా ఏట్లో పోయిందిలే' అంటుండె. ఒక్క తూరి మాత్రం చెప్పింది."

ఆ ఒక్కసారి ఎప్పుడంటే, చెన్నమ్మ కొడుకు గుణశేఖర్ చిన్నప్పుడు పొలం బావిలో పడితే పక్కచేని వాళ్ళు దూకి పైకి తీశారు. పిల్లవాడికి ఏమీ కాలేదు గాని, గోపమ్మ ఆ సాయంత్రం అన్నం ముట్టలేదు. మనవణ్ణి ఒళ్ళో పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుని, ఎవరూ అడగకుండానే చెప్పడం మొదలుపెట్టింది.

ఆమెకు అప్పుడు ఎనిమిదేళ్ళు. అవతలి గట్టున పొలంలో ఉన్న అమ్మకు సంగటి తీసుకుని, తమ్ముడి చెయ్యి పట్టుకుని ఏరు దాటుతోంది. మోకాళ్ళ లోతు నీళ్ళు. పైన ఎక్కడో వాన పడినట్టుంది, చూస్తుండగానే ఎర్రనీళ్ళు మీదికి వచ్చేశాయి. తమ్ముడి చెయ్యి జారిపోయింది. ఆమె ఒక మానుకు తగులుకుని ఎంతో దూరం కొట్టుకుపోయింది. చింతపండు బండ్లతో సేలం వైపు పోతున్నవాళ్ళు ఎక్కడో ఒడ్డుకు లాగారు. ఏ ఊరు, ఎవరి బిడ్డవు అని ఎంత అడిగినా నోరు విప్పలేదు. ఆ బండ్లలో ఒకటి నల్లంపల్లి వాళ్ళది. బండి ఆసామికి పిల్లల్లేరు. ఆయనా ఆయన భార్యా ఆమెను కడుపున పుట్టిన బిడ్డలాగే పెంచారు.

"ఊరు పేరు మరిచిపోయిందా?" అంది శాంతిప్రియ.

"మరిచిపోలేదు పాపా. చెప్పలేదు, అంతే. తమ్ముణ్ణి ఏట్లో వదిలేసి ఏ ముఖం పెట్టుకొని పోయేది, వాళ్ళమ్మ అడిగితే ఏమని చెప్పేది అని భయం. ఆ భయంతోనే పెద్దదైపోయె, పెండ్లయిపోయె, బిడ్డల్ని కనె. నాకు చెప్పిన దినం కూడా ఊరు పేరు రాలేదు నోట్లోనుంచి." చెన్నమ్మ బిడ్డ వీపు మీద నీళ్ళు పోసింది. "నేనూ గట్టిగా అడగలేదు. అమ్మ ఏడిస్తే చూడలేకపోతిని."

ఆ తర్వాత శాంతిప్రియకు ఆ ధ్యాసే పట్టుకుంది. ధర్మపురి బస్టాండు దగ్గర మందుల షాపులో ఆమె పని. సెలవులో ఉన్నా ఫోను ఉంది కదా. తెలిసిన చుట్టాలందరినీ అడిగింది. తెలుగు ఇళ్ళల్లో ముసలివాళ్ళు తాత పేరు, తాత తండ్రి పేరు, ఆయన ఎక్కడి నుంచి వచ్చి ఏ బీడు దున్నాడో కూడా చెప్పారు. ఆ ఇంటికి వచ్చిన కోడళ్ళు ఏ ఊరి ఆడబిడ్డలో చెప్పమంటే మాత్రం తడుముకున్నారు. ఏట్లో తప్పిపోయిన పిల్ల గురించి ఎవరికీ తెలియదు.

దారి చూపింది బిడ్డే.

ఒక రోజు మోహన్‌రాజ్ పని నుంచి వచ్చేసరికి చెన్నమ్మ బిడ్డకు స్నానం చేయిస్తోంది. ఆరో నెల నడుస్తోంది, ఒక చోట ఉండదు. ఒంటినిండా పసుపునీళ్ళతో అవ్వ చేతుల్లోంచి జారి పక్కనున్న గోడను టప్పున కొట్టింది. సున్నం గోడ మీద చిన్న పసుపు చెయ్యి పడింది. మోహన్‌రాజ్ చెప్పులు కూడా విడవకుండా దాన్నే చూస్తూ నిలబడ్డాడు. అతను ఇళ్ళకు రంగులు వేస్తాడు. చూసిన గోడను మరిచిపోడు.

"ఏమైంది మామా?" అంది శాంతిప్రియ. భర్తను అలా పిలవడమే వాళ్ళ ఇళ్ళల్లో వాడుక.

"ఇట్లాంటి చెయ్యి ఒకటి చూసినాను. పోయినేడు కంబైనల్లూరులో ఒక ఇంటికి పెయింటింగ్ చేసినాను కదా, ఆ ఇంట్లో. వంటింటి పక్క గోడ మీద ఇంత చదరం వదిలేసి చుట్టూ వేయమన్నారు. అందులో పసుపు చెయ్యి ఉండె. వేళ్ళు ఆరు ఉండె. ఎవరో చెయ్యి కదిపినారేమో, అందుకే అట్ల పడిందేమో అనుకుంటిని."

"ఇన్ని దినాలు చెప్పలేదే!"

"ఇప్పుడే కదా జ్ఞాపకం వచ్చింది!"

"ఆదివారం పోదాం" అంది చెన్నమ్మ వెనక నుంచి. "నేనూ వస్తాను. మా అమ్మ చెయ్యి నాకు కాకుండా మీకేం తెలుసు?"

ఆదివారం ధర్మపురిలో బస్సు మారి కంబైనల్లూరు చేరుకున్నారు. ఆ ఇల్లు గోవిందరాజుది. డెబ్బై ఏళ్ళ మనిషి, వాకిట్లో కుర్చీ వేసుకుని మొక్కజొన్న గింజలు ఒలుస్తున్నాడు. మోహన్‌రాజ్‌ను గుర్తుపట్టి, పెయింటు ఎక్కడైనా ఊడిందేమో చూడటానికి వచ్చావా అని తమిళంలో నవ్వుతూ అడిగాడు. వెనకే బిడ్డను ఎత్తుకుని ఒకామె, చేతికర్రతో ముసలామె రావడం చూసి లేచి నిలబడ్డాడు.

"మెట్టు ఉండాది, చూసుకో అవ్వా" అంది శాంతిప్రియ.

ఆ మాటతో గోవిందరాజు ముఖం మారింది. "మనోళ్ళేనా! రాండి, రాండి" అని తెలుగులోకి దిగి, "యోగలక్ష్మీ, నీళ్ళు తే" అని లోపలికి కేకేశాడు.

నీళ్ళు తాగాక మోహన్‌రాజ్ నసుగుతూ, ఆ గోడ మీది చెయ్యి ఎవరిదో తెలుసుకుందామని వచ్చామన్నాడు. గోవిందరాజు భార్య యోగలక్ష్మి వాళ్ళను లోపలికి తీసుకుపోయింది. తెల్లటి గోడలో ఒక చదరం పాత రంగులోనే ఉంది. దాని మధ్య పసుపు చెయ్యి, కింద చిన్న దీపం, పక్కన మడతపెట్టిన ఒక చిన్నపిల్ల పావాడ.

"మా ఇంటి కన్నెదేవత" అంది యోగలక్ష్మి. "పెండ్లి కాకుండా పోయిన ఆడబిడ్డను అట్ల మొక్కుతాము. ప్రతి ఆడి నెలలో కొత్త పావాడ పెట్టి, తీపి పొంగలి పెట్టి, నా చెయ్యి పసుపులో ముంచి అద్దుతాను. ఆరో వేలు మాత్రం చిటికెన వేలితో మళ్ళీ పెట్టాల. మా అత్త నేర్పించింది."

"ఆ పిల్ల మా మేనత్త" అన్నాడు గోవిందరాజు. "మా నాయనకు అక్క. ఎనిమిదేండ్ల పిల్ల, ఏట్లో పోయింది. మా నాయన నరసింహన్ అప్పుడు చిన్నపిల్లోడు. ఇద్దరూ కలిసే ఏట్లో దిగినారు. నీళ్ళొచ్చినప్పుడు ఆయమ్మ మా నాయన్ని ఎత్తి గట్టుమీది చెట్టుకొమ్మకు తోసి, తాను పోయింది. మరునాడు ముండ్లకంపలో పావాడ మాత్రం దొరికినాది. మా నాయన బతికినన్నాళ్ళూ పొద్దున లేస్తే ఈ గోడకు దండం పెట్టకుండా బయటికి పోయినోడు కాదు."

"పేరు?" అంది శాంతిప్రియ.

"గోపమ్మ."

చెన్నమ్మ గోడ పట్టుకుని మెల్లగా కింద కూర్చుంది. ఎవరో పట్టుకోబోతే చేత్తో వారించింది. చాలాసేపు ఆ పసుపు చెయ్యినే చూసి, గోవిందరాజు వైపు తిరిగింది.

"ఆ పిల్లోడు బతికినాడా?"

"ఏ పిల్లోడు?"

"తమ్ముడు. మా అమ్మ తమ్ముడు."

గోవిందరాజుకు అర్థం కాలేదు. శాంతిప్రియ బిడ్డ ఎడమచేతిని విప్పి చూపించింది. నల్లంపల్లి, చింతపండు బండి, చెప్పని ఊరు, అన్నీ ఒకదాని వెంట ఒకటి చెప్పింది. వింటూ వింటూ యోగలక్ష్మి ముందుకు వచ్చి బిడ్డ ఆరో వేలిని తన వేలితో తాకింది. పెళ్ళై వచ్చిన నాటి నుంచి ఏటేటా గోడ మీద తను దిద్దిన వేలు అది. ఆమె కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి.

"బతికినాడు వదినా, బతికినాడు" అన్నాడు గోవిందరాజు. ఆ మాట దానంతటదే వచ్చింది. మేనత్త కూతురు, తనకంటే పెద్దది, వదిన కాక ఇంకేమవుతుంది? "ఎనభై ఏండ్లు దాటి బతికినాడు. మేము నలుగురు బిడ్డలం."

"చెయ్యి జారిపోయిందని చెప్పింది మా అమ్మ. నేనే వదిలేసినాను, నేనే చంపేసినాను అని ఏడిచింది."

"జారలేదు! తోసింది. మా నాయనకు బాగా జ్ఞాపకం. వెనకనుంచి నడుము పట్టి తోసింది అని ఎన్నిసార్లు చెప్పినాడో."

ఎవరి జ్ఞాపకం నిజమో చెప్పేవాళ్ళు ఇద్దరూ ఇప్పుడు లేరు. కంబైనల్లూరుకు నల్లంపల్లి ఎంత దూరమని! ఒక పూట ప్రయాణం. ఆ ఒక పూట దూరంలో అక్క తమ్ముడి కోసం కుమిలిపోతూ, తమ్ముడు అక్కను దేవతను చేసుకుని మొక్కుతూ బతికేశారు. చెన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చింది. గోవిందరాజు ఆమె పక్కనే నేల మీద కూర్చున్నాడు.

భోజనాలప్పుడు ఏడుపు తగ్గింది. యోగలక్ష్మి వడ్డిస్తూ, మనసులో ఉన్నది ఆపుకోలేక అడిగేసింది.

"అక్కా, ఇన్నేండ్లుగా తీపి పొంగలి పెడతాండాము. ఆయమ్మకు ఇష్టమేనా?"

చెన్నమ్మ చెయ్యి ఆగిపోయింది. "తీపంటేనే పడదే! పొంగలి చూస్తే ముఖం తిప్పుకొంటుండె. కరువాడు కుళంబు, దాంట్లోకి సంగటి. అది పెట్టినావంటే అడిగిందల్లా ఇస్తాది."

"దేవుడికి ఎండుచేపల పులుసు ఎట్ల పెట్టేది!" అంది యోగలక్ష్మి బెదిరిపోయి.

"దేవుడు ఎక్కడే? మా అమ్మ! ముసలిదై, పండ్లన్నీ ఊడిపోయి, మజ్జిగలో ఉప్పు తక్కువైందని నాతో పోట్లాడి పోయింది."

గోవిందరాజు ఆలోచనలో పడ్డాడు. "అది సరే వదినా. మేము మొక్కుకొన్నదంతా జరిగినాది. బోరులో నీళ్ళు పడినాయి, మా పాపకు మంచి సంబంధం వచ్చినాది. ఆయమ్మ నల్లంపల్లిలో బతికే ఉంటే, ఇదంతా ఎవరిచ్చినట్టు?"

"మా అమ్మే ఇచ్చుంటాది" అంది చెన్నమ్మ తడుముకోకుండా. "మేమేమడిగినా లేదు పో అంటుండె. అంతా ఇక్కడికే పంపించినట్టుండాది."

అందరూ నవ్వారు. అప్పటిదాకా బిగుసుకుని కూర్చున్న మోహన్‌రాజ్ కూడా నవ్వి, ఇంకొంచెం అన్నం వడ్డించుకున్నాడు.

"మా నాయనకు అప్పుడే తెలిసుంటే నిన్ను మా ఇంటి కోడలిగా అడిగేవాడేమో" అన్నాడు గోవిందరాజు.

"నీకా! నా పెండ్లికి నువ్వు ఉయ్యాల్లో ఉండేవాడివి. ఎత్తుకొని ముడ్డి కడిగి ఉండేదాన్ని" అంది చెన్నమ్మ. యోగలక్ష్మి నవ్వాపుకోలేక వంటింట్లోకి పరుగెత్తింది.

ఆషాఢంతో పాటే తమిళుల ఆడి నెల వచ్చింది. రెండు ఇళ్ళవాళ్ళూ కంబైనల్లూరులో కలిశారు. తిరుప్పూరులో పనిచేసే గుణశేఖర్ కూడా సెలవు పెట్టి వచ్చాడు. గోడ మీది చెయ్యిని ఏం చేయాలన్న దాని మీద ముందు కొంత వాదన జరిగింది. బతికి బిడ్డల్ని కన్నావిడను కన్నెదేవత అని ఎలా మొక్కుతామన్నారు కొందరు. పూజ మానితే నాయన మనసు నొచ్చుకుంటుందన్నాడు గోవిందరాజు. చివరికి యోగలక్ష్మే తేల్చింది. పూజ ఉంటుంది, పావాడ బదులు చీర పెడదాం, కన్నెదేవతగా కాదు, ఇంటి పెద్దావిడగా మొక్కుదాం అంది. గోపమ్మకు ముదురాకుపచ్చ ఇష్టమని చెన్నమ్మ చెబితే అదే రంగు నూలుచీర తెచ్చారు. పొంగలి మామూలుగా గోడ దగ్గర పెట్టారు. కరువాడు కుళంబు, సంగటి మాత్రం యోగలక్ష్మి ఎవరూ చూడనట్టు విస్తరి చాటున తెచ్చి దీపానికి కాస్త దూరంగా పెట్టి, చెంపలు వేసుకుంది.

ఈసారి చెయ్యి అద్దమని యోగలక్ష్మి పసుపు గిన్నె చెన్నమ్మ ముందు పెట్టింది. చెన్నమ్మ తన చెయ్యి ముంచకుండా శాంతిప్రియను పిలిచింది. ఇద్దరూ కలిసి బిడ్డ చేతిని గోడకు ఆనించారు.

సాయంత్రం బస్సుకు బయల్దేరుతుంటే చెన్నమ్మ కదల్లేదు.

"మీరు పోండి. నేను నాలుగు దినాలు ఉండి వస్తాను" అంది.

"ఇక్కడేం పని అవ్వా నీకు?" అన్నాడు మోహన్‌రాజ్.

"పనేంది? మా అమ్మ ఒక్క తూరి కూడా పుట్టింటికి పోలేదు. నాకు బిడ్డలు పుట్టినప్పుడు అందరి అవ్వల మాదిరి కథలు చెప్పేదానికి ఆయమ్మకు ఒక ఊరే లేకపోయె. ఆయమ్మ బదులు నేనుంటాను."

నాలుగు రోజులన్నది రెండు వారాలైంది. మోహన్‌రాజ్ తీసుకుపోవడానికి వచ్చేసరికి చెన్నమ్మ వాకిట్లో యోగలక్ష్మికి జడ వేస్తూ, ఆ ఏరు ఎటు నుంచి వచ్చి ఎటు పోతుందో, తన అమ్మ ఏ గట్టున నడిచిందో గోవిందరాజు చెబుతుంటే వింటోంది. మనవరాలి భర్తను చూసి కూడా లేవలేదు.

"వచ్చినావా? కూర్చో. కాఫీ తాగు. రేపు పోదాంలే."