మొగిలి చూడని ఊటీ

నూట ఇరవయ్యో కుర్చీ తుడిచి మొగిలి నడుము పట్టుకొని లేచాడు. బకెట్టులో నీళ్లు అప్పుడే నల్లబడ్డాయి. గోదావరిఖనిలో పొద్దున తుడిచిన కుర్చీ మీద పదింటికల్లా మళ్లీ బొగ్గు దుమ్మే. ముప్పై ఏళ్లుగా ఈ కాలేజీలో అటెండరు ఉద్యోగమంటే అదే, తుడవడం, మళ్లీ తుడవడం. ఆ రోజు మాత్రం అతని ధ్యాసంతా గేటు మీదే ఉంది. పాత విద్యార్థుల సమావేశానికి దయాసాగర్ వస్తున్నాడు.

ఎనభై నాలుగులో దయాసాగర్ కాలేజీ పత్రికకు సంపాదకుడు. ఆ ఏడు పరీక్షలయ్యాక పిల్లలు రైల్లో ఊటీ పోయారు. రామగుండం స్టేషన్లో వాళ్ల సామానంతా ఎక్కించింది మొగిలే. ఎక్కించి, దిగి, అటునుంచి అటే కరీంనగర్ వెళ్లి వారం రోజులు జవాబు పత్రాల కట్టలకు కాపలా ఉన్నాడు. తర్వాత పత్రిక నవ్వుల పేజీలో ‘మా మొగిలన్న ఊటీ యాత్ర’ అచ్చయింది. కొండరైలు చలికి వణికి ఆగిపోతే మొగిలన్న దిగి దానికి తన తువ్వాలు కప్పాడట. పక్కనే ఫొటో, రైలు కిటికీలో కత్తిరించి అతికించిన మొగిలి తల. కాలేజీ అంతా పొట్టచెక్కలయ్యేలా నవ్వింది.

భార్య సారవ్వ నవ్వలేదు. ఆమెకు చదువు రాదు గానీ మొగుడి మొహం తెలియదా?

“నన్ను ఇడిశిపెట్టి ఒక్కనివే పోయినవ్.”

“కరీంనగర్ల ఉన్ననే! అది పిలగాండ్లు అతికిచ్చిన బొమ్మ!”

“నీ తలకాయ గాదా అది?”

తలకాయ తనదే. చిక్కంతా అక్కడే వచ్చింది. ఎన్ని ఒట్లు పెట్టుకున్నా ఆమె నమ్మలేదు. కూరలో ఉప్పు తక్కువైందంటే చాలు, “ఊటీల మంచిగుంటది, ఆడికే పో” అనేది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. ఆ పిల్లులంతా ఇప్పుడు ఆఫీసర్లయ్యారు.

ఇప్పుడు సారవ్వ గుండె జబ్బుతో మంచం పట్టింది. ఇంటికి తీసుకుపొమ్మని దవాఖానలో చెప్పేశారు. ఈ పొద్దున కూడా గంజి తాగిస్తుంటే, “ఇప్పుడన్న నిజం జెప్పు, పోయినవ్ గదా” అంది. “ఇయ్యాల ఆ దయాసాగర్‌నే తోల్కస్త, ఆయన నోటితోనే ఇను” అని మొగిలి విసురుగా బయల్దేరాడు. తనను అబద్ధాలకోరు అనుకుంటూనే ఆమె పోతుందేమోనని అతని భయం. ఆ భయం కూడా కోపంగానే బయటికొచ్చింది.

దయాసాగర్ పదకొండింటికి కారు దిగాడు. ఇప్పుడు హైదరాబాదులో బ్యాంకు ఆఫీసరు. మొగిలి చేతులు తుడుచుకొని ఎదురెళ్లాడు.

“సారూ, జర మా ఇంటి దాక రాండ్రి. ఆ ఊటీ ముచ్చట ఉత్తదని మా సారవ్వకు జెప్పుండ్రి. ఆమెకు పాణం మంచిగ లేదు.”

“అరే, వదిన ఇంక గది నిజమనే అనుకుంటున్నదా?” దయాసాగర్ కళ్లు మెరిశాయి. “తప్పకుండ వస్త మొగిలన్నా. భోజనాలు కానియ్యి.”

అరగంటలో ఆ సంగతంతా మైకులో చెప్పేశాడు. “మొగిలన్నను వదిన ఇప్పటికీ నమ్ముతలేదు!” హాలు హాలంతా మళ్లీ నవ్వింది. వేదిక పక్కన నీళ్ల గ్లాసుల పళ్లెం పట్టుకొని మొగిలి నిలబడ్డాడు. పళ్లెం ఎత్తి విసిరికొట్టాలనిపించింది. గ్లాసులు అందించాడు.

భోజనాలయ్యాయి, ఫొటోలయ్యాయి. ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో బ్లాస్టింగుకు కిటికీ అద్దాలు గలగలమన్నాయి. దయాసాగర్ కారెక్కుతూ, “టైమైపోయిందన్నా, వదినతోని ఫోన్ల మాట్లాడ్త” అన్నాడు. నంబరు మాత్రం అడగలేదు.

మొగిలి ఇల్లు చేరేసరికి పొద్దు వాలుతోంది.

“వచ్చిండా నీ సాచ్చి?” అంది సారవ్వ.

మొగిలి మంచం అంచున కూలబడ్డాడు. నిజం చెప్పీ చెప్పీ విసిగిపోయాడు.

“పోయిన,” అన్నాడు. “పోయిననే. నిన్ను తీస్కపోకుంట పోయిన. తప్పయింది.”

సారవ్వ అతని చేయి పట్టుకుంది. చాలాకాలం తర్వాత ఆమె మొహంలో కోపం లేదు.

“రైలు ఎట్లుంటది?”

సామాను మోసేటప్పుడు పిల్లలు చెప్పుకున్న మాటలే చెప్పాడు. “చిన్నగుంటది. గుట్ట మీదికి మెల్లగ ఎక్కుతది. కిటికీలకెల్లి చెయ్యి పెడ్తె మబ్బులు తాకుతయి.”

“చలి వెడ్తదా?”

“మస్తు.”

“అనుకున్న,” అని కళ్లు మూసుకుంది. ఇళ్లల్లో దీపాలు పెట్టేవేళకు ఆమె ఊపిరి ఆగిపోయింది.

కొత్త చీర ఉందేమోనని మొగిలి ఆమె రేకుపెట్టె తెరిచాడు. చీరల అడుగున, ఎండిన వేపాకుల మధ్య, ఎర్రటి ఉన్ని స్వెట్టరు ఒకటి మడతపెట్టి ఉంది. ఆమె దాన్ని తొడుక్కోగా అతనెన్నడూ చూడలేదు. అమ్మినవాడు ధర రాసి కట్టిన అట్టముక్క, రంగు వెలిసి, మెడ దగ్గర ఇంకా అలాగే వేలాడుతోంది.