లైటు లేని వైపు

హలో, అందరికీ వినబడుతోందా? చోడవరం నుంచి హరిబాబుని. భోజనాలయ్యాయా? మా అన్నయ్య గణపతిరావు కథ చెబుతాను, ఫోను పక్కన పెట్టకండి.

అన్నయ్య డెబ్బైకి దగ్గరపడ్డాడు. గోవాడ దగ్గర చెరకు వేస్తాడు. ఏడాదిగా మనం మాట్లాడుతుంటే ఆయన చూపు మన ముఖం మీద నిలవడం లేదు. శుక్లాల వల్లేననుకుని రెండు కళ్లకీ ఆపరేషన్ చేయించాం. కట్టు విప్పాక దూరంగా పోతున్న బస్సు బోర్డు కూడా చదివేశాడు. చూపు మాత్రం నిలవలేదు.

కంటి ఆసుపత్రివాళ్లు పంపితే, విశాఖలో మెదడు డాక్టరమ్మ ఝాన్సీగారు ఆయన్ని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు. ఒకవైపు లైటు వెలుగుతుంది. అటు కాకుండా రెండోవైపు చూడాలి. అన్నయ్య ప్రతిసారీ లైటునే చూశాడు.

"దీపం ఎలిగితే దీపాన్నే గదమ్మా సూస్తారు? సీకట్లో ఏటుంది?" అన్నాడు.

మేం నవ్వాం. డాక్టరమ్మ నవ్వలేదు. లైటు వైపు పోయే చూపును ఆపుకోవడం కంటి పని కాదు, మెదడు పని అన్నారు. ఇదొక్కటే చూసి ఏ జబ్బో చెప్పలేమనీ, స్కానింగ్ తీయించి నెల తర్వాత రమ్మనీ చెప్పారు. మా వదిన అచ్చియ్యమ్మకి ఒక్కటే అర్థమైంది. ఈ పరీక్ష పాసైతే జబ్బు లేనట్టే.

మర్నాటి నుంచి సెల్‌ఫోన్ టార్చితో ట్యూషన్ మొదలుపెట్టింది.

"ఇటెలిగితే అటు సూడాల. తెలిసిందా?"

"తెలిసిందే."

"మరి టార్చినే సూస్తావేటి?"

"నువ్వే కదే ఎలిగిస్తన్నావు!"

"వదినా, ఇది నేర్పితే వచ్చేది కాదు" అన్నాను.

"నువ్వు టెన్తు ఎన్నోసారికి గట్టెక్కేవు బాబూ? మీ అన్నియ్య ఈపాటి సెయ్యలేడా?"

ఇంతలో అన్నయ్య, "ఆకలేస్తంది, అన్నం పెట్టవేటి?" అన్నాడు. అప్పుడే తిని చెయ్యి కడుక్కున్నాడు. వదిన టార్చి ఇంకా జోరుగా ఊపింది.

నెల తిరిగాక స్కానింగ్ కాగితాలతో మళ్లీ పరీక్షకి వెళ్లినప్పుడు వదిన కంప్యూటర్ పక్కనే ఎడంవైపు నిలబడింది. కుడివైపు లైటు వెలిగింది. అన్నయ్య ఎడంవైపు చూశాడు.

"సూసేరా డాక్టరమ్మా!" అని వదిన చప్పట్లు కొట్టింది.

తర్వాత ఎడంవైపు వెలిగింది. అప్పుడూ ఎడంవైపే చూశాడు. ఆయన చూస్తున్నది వదిననే.

"అమ్మా, మీరు బయట కూర్చోండి" అన్నారు డాక్టరమ్మ.

నాతోపాటు బయటికొచ్చిన వదిన నా చెయ్యి పట్టుకుంది. "తలుపు సందులోంచి సూడు బాబూ. ఎటు సూస్తన్నాడు?"

లైటు ఎటు వెలిగితే అటే చూస్తున్నాడు. కాసేపటికి అదీ మానేసి గదంతా వెతుకుతున్నాడు.

"సెప్పవేటి?"

"లైటు వైపే, వదినా."

గోడకి జారబడి కింద కూర్చుండిపోయింది. "ఆయమ్మ కాళ్లట్టుకుంటాను. ఇంకో నెల గడువడుగు బాబూ. రెండు పూటలా నేర్పుతాను."

లోపల్నుంచి అన్నయ్య కేక. "ఒసే అచ్చీ! ఎక్కడికెళిపోనావే?"

"ఇక్కడే ఉన్నాను మావా" అంటూ చెంగుతో ముఖం తుడుచుకుని లోపలికి పరిగెత్తింది.

మాట్లాడుతుండగా మీ పెద్దవాళ్ల చూపు జారిపోతుంటే, మాలాగా ఏడాది ఆగకండి బాబూ, మెదడు డాక్టరుకి కూడా చూపించండి. ఈ కథని మీ గ్రూపులో పెట్టండి, ఎవరింట్లో అవసరముందో మనకేం తెలుసు.